గోవా టికెట్ మీద ఆ మూడు అక్షరాలు చూశారా?

ఈరోజు చిన్న టాపిక్, కానీ మన జేబుతో పని ఉన్న టాపిక్. ఫ్లైట్ టికెట్ మీద ఊరి పేరు పక్కన మూడు ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి కదా, హైదరాబాద్‌కి హెచ్‌వైడి, ఢిల్లీకి డీఈఎల్ అని. చాలామంది అది ఊరి పేరుకి షార్ట్‌కట్ అనుకుంటారు. కాదండీ. ఆ కోడ్ ఎయిర్‌పోర్టుది. తేడా ఎక్కడ తెలుస్తుందంటే, గోవాలో తెలుస్తుంది.

గోవాకి ఇప్పుడు రెండు ఎయిర్‌పోర్టులు. పాతది డాబోలిం, వాస్కో దగ్గర, సౌత్ గోవాలో. దాని కోడ్ జీఓఐ. కొత్తది మోపా, నార్త్ చివర, మహారాష్ట్ర బోర్డర్ దగ్గర. 2023 జనవరిలో అక్కడి నుంచి ఫ్లైట్లు మొదలయ్యాయి, కోడ్ జీఓఎక్స్. మనం మాత్రం రెండిటినీ "గోవా" అనే చూసుకుంటాం. రూమ్ పాలోలెం బీచ్ వైపు తీసుకుని, టికెట్ కాస్త తక్కువకి వస్తోందని మోపాలో దిగారనుకోండి. గోవా మొత్తం ఆ చివర నుంచి ఈ చివరకి టాక్సీలో దాటాలి. టికెట్‌లో మిగిలింది ఏ మూలకి?

ఈ కోడ్లు ఇచ్చేది ఐఏటీఏ అని, విమాన సంస్థల అంతర్జాతీయ సంఘం. ఒక కోడ్ ఒకే చోటికి. పాకిస్తాన్ సింధ్‌లో కూడా ఒక హైదరాబాద్ ఉంది, దానికి కూడా ఎయిర్‌పోర్ట్ ఉంది. దాని కోడ్ హెచ్‌డీడీ. పేరు ఒక్కటే అయినా కోడ్ కలవదు.

మూడు అక్షరాలతో వచ్చే కాంబినేషన్లు మొత్తం 17,576. అందుకే అడిగినవన్నీ దొరకవు. విజయవాడ వీజీఏ, విశాఖ వీటీజెడ్ అయ్యాయి. ఊరి పేరు మారినా కోడ్ అలాగే ఉండిపోతుంది. చెన్నై ఇప్పటికీ ఎంఏఏ, అంటే మద్రాస్! మన కడపది సీడీపీ, పాత ఇంగ్లీషు స్పెల్లింగ్ 'సి'తో మొదలయ్యేది కదా.

నాకు బాగా నచ్చేది బేగంపేట కథ. హెచ్‌వైడి మొదట బేగంపేటది. 2008 మార్చిలో శంషాబాద్ తెరవగానే ఆ కోడ్ అక్కడికి వెళ్ళిపోయింది, బేగంపేటకి బీపీఎం వచ్చింది. కానీ పైలట్లు, ఏటీసీ వాళ్ళు వాడే నాలుగక్షరాల కోడ్ వేరే ఉంటుంది, అది ఐసీఏఓ ఇస్తుంది. అందులో బేగంపేట ఇప్పటికీ వీఓహెచ్‌వై, శంషాబాద్ వీఓహెచ్‌ఎస్. మొదటి రెండు అక్షరాలు చూస్తేనే దక్షిణ భారతం అని వాళ్ళకి తెలిసిపోతుంది.

పేరు చూసి బుక్ చేస్తే ఎంత దూరం పోతామో తెలుసా? 2002లో ఒక బ్రిటన్ జంట ఆస్ట్రేలియా సిడ్నీ అనుకుని ఆన్‌లైన్‌లో టికెట్ కొన్నారు. దిగింది కెనడాలో సిడ్నీ అనే చిన్న ఊళ్ళో. ఆస్ట్రేలియాది ఎస్‌వైడి, కెనడాది వైక్యూవై.

అమెరికా, లండన్ వెళ్ళేవాళ్ళు ఇంకోటి చూడండి. ఎన్‌వైసీ, ఎల్‌ఓఎన్ అనేవి ఎయిర్‌పోర్టులు కావు, సిటీ మొత్తానికి పెట్టిన కోడ్లు. సెర్చ్‌లో అవి కొడితే అన్ని ఎయిర్‌పోర్టులూ కలిపి వస్తాయి. హీత్రో ఎల్‌హెచ్‌ఆర్‌లో దిగి, తర్వాతి ఫ్లైట్ గాట్విక్ ఎల్‌జీడబ్ల్యూలో ఉంటే, రెండు పెద్ద సూట్‌కేసులతో రోడ్డు మీద పరుగే.

గోవా టికెట్ బుక్ చేసినవాళ్ళు ఇప్పుడే ఫోన్ తీయండి. రిటర్న్ టికెట్ కూడా చూడండి. దిగేది జీఓఐ, తిరిగి ఎక్కేది జీఓఎక్స్ అయి ఉండొచ్చు.