ఉప్పలపాటి చెరువుగట్టున ఒక వేకువ

పుష్యమాసమున నొకనాడు మేము నలుగురు సంఘసభ్యులతో గూడి కోడికూత వేళకు మంగళగిరినుండి బయలుదేరితిమి. మంచు దట్టముగా గ్రమ్మియుండుటచే నరసింహస్వామి కొండయే కానరాలేదు. పెదకాకాని మండలములోని ఉప్పలపాడు చేరునప్పటికి తూర్పు తెల్లవారుచుండెను.

ఈ యూరిచెరువు పెద్దది కాదు. అందలి తుమ్మచెట్లపై పక్షులు కాపురము పెట్టినప్పుడు గ్రామస్థులు వానిని తరుమక కాచుచు వచ్చిరి. అది యంత సులభమైన పని కాదు. ఆ రెట్టకంపు గట్టున నిలిచిన వారికే తెలియును. 1946లో పక్షిశాస్త్రజ్ఞుడు కె. కె. నీలకంఠన్ పశ్చిమగోదావరి సీమలోని ఆరేడు గ్రామమున గూడబాతుల గూళ్ళను కనుగొనెను. పిమ్మట నా పక్షులు ఆ తావును విడిచిపోయినవి. పక్షి ఒకచోట నిలుచుట మన చిత్తముపై ఆధారపడి యున్నదని దీనివలన తెలియుచున్నది.

వెలుగు రాగానే ముందుగా నీటికాకులు కదలినవి. పసుపు ముక్కును, తోకచెంత గులాబి యీకలును గల ఎర్రకాళ్ళ కొంగలు గూళ్ళపై నిలిచి రెక్కలు విదల్చుకొనుచుండెను. గూడబాతు ముక్కుక్రింది సంచిని జూచి మాతో వచ్చిన ముదుసలి రైతు "అయ్యా, ఇది మనము చేనికి నీరు తోడు గూడయే గదా!" యని నవ్వెను. ఆ పేరెట్లు వచ్చినదో అతనికి మేము చెప్పనక్కర లేకపోయెను. నత్తగుల్లకొంగ ముక్కునడుమ సందుండును. అది వరిమళ్ళలోని నత్తలను దిని బ్రదుకును.

"ఇవి చేపలు తినునేగాని మా ప్రత్తికి, మిరపకు జేయు మేలేమి?" యని మరియొక సభ్యుడడిగెను. ప్రశ్న న్యాయమైనదే. గూడబాతు మన చేనికి జేయునది ఏమియు లేదు. చేనికి గావలసిన పక్షులు చిన్నవి. అప్పుడే గులాబిరంగు గోరింకలు, మనవారు పలిసపిట్ట లనునవి, మబ్బువలె లేచి పొలములపైకి బోయినవి. ఇవి మధ్య ఆసియానుండి చలికాలమున వచ్చును. జొన్నకంకిపై వ్రాలిన మాట నిజమే; మేము దాచము. కాని చైనాలోని షింజియాంగ్ పశువులకాపరులు మిడుతలను దినిపించుటకై ఈ పిట్టలకు రాళ్ళగుట్టలు పేర్చి గూళ్ళకు తావు చూపుచున్నారు.

పురుగులను జూచుటకును వేకువయే తగిన వేళ. మంచుచే రెక్కలు తడిసిన తూనీగ ఎగురలేదు. గడ్డిపరకపై దానిని తీరికగా జూడవచ్చును. అదే పగటివేళ చేతికి జిక్కదు. తూనీగపిల్ల నీటిలో దోమపిల్లలను దినును, పెద్దదై గాలిలో దోమలను పట్టును.

తిరిగి వచ్చుచు దారిలో ఒక సభ్యుని ప్రత్తిచేనిలో దిగితిమి. గట్టుననున్న పుల్లపై పసులపోలిగాడు కూర్చుండి, నిమిషమునకొకమారు దిగి యొక పురుగును గొనిపోవుచుండెను. ఎకరమునకు పదినుండి యిరువది పుల్లలు నాటిన చాలును, కూలి వేరుగా నీయనక్కర లేదు.

ఇక్కడ మా తప్పొకటి చెప్పుకొనవలెను. ఉద్యోగమున జేరిన క్రొత్తలో ఒక మిరపచేనిలో, పసుపు మచ్చలు గల నల్లని ముళ్ళపురుగులు ఆకులపై ప్రాకుచుండగా జూచి, ఇవియే చేటని మందు చల్లించితిమి. పదిదినములకు పేనుబంక చేనంతయు అలముకొనెను. ఆ నల్లనివి అక్షింతలపురుగు పిల్లలు. పేనుబంకను దినుటకే వచ్చినవి. ఆ రైతు మమ్ము పల్లెత్తు మాట అనలేదు. అదియే మాకు మిక్కిలి కష్టముగా నుండెను.

మా తప్పు ఒక చేనికే చెల్లినది. 1984-85 మొదలుకొని గుంటూరు, ప్రకాశము జిల్లాలలో ప్రత్తిపై తెల్లదోమ విరుచుకొని పడినప్పుడు పెక్కు కుటుంబములు అప్పుల పాలైనవి. పైరిత్రాయిడ్ మందులను మరల మరల చల్లుటచే తెల్లదోమను దిను పురుగులు నశించుట దానికొక ముఖ్యకారణము. 2021లో మిరపపూవులలో నల్లతామరపురుగు వచ్చినప్పుడును అనేకులు చూడకయే చల్లిరి. పూవును తెల్లకాగితముపై దట్టి చూచిన ఆ పురుగు కంటికి దెలియును. మందుడబ్బా కొనుటకుముందు ఈ పని చేయుడు.

ఎండ యెక్కువగుచుండగా ముదుసలి రైతు ప్రత్తియాకుపైనుండి ఒక నల్లని ముళ్ళపురుగును చల్లగా గ్రహించి అగ్గిపెట్టెలో బెట్టుకొనెను. "ఏల?" యని యడిగితిమి. "మావాడు రేపు మందు చల్లుటకు కూలీలను బిలిచినాడండీ. వానికి చూపవలెను" అనెను.