యజమాని తన బిడ్డలను రానివ్వని ఇల్లు

పోకర్‌ను జూదమంటే ఈనాటి యువకులు కొందరు ఒప్పుకోవడం లేదు. "ఇది అదృష్టం మీద నడిచే ఆట కాదు, బుర్రతో ఆడేది. లాస్‌వేగాస్‌లో, మకావులో దీన్నే వృత్తిగా చేసుకుని దర్జాగా బతుకుతున్నవాళ్లున్నారు" అని వాదిస్తున్నారు. ఈ వాదనను కోపంతో కొట్టిపారేస్తే ప్రయోజనం లేదు. ఆ బల్ల దగ్గర నిజంగా జరిగేదేమిటో ముందు చూద్దాం.

నేడు కేసినోలలో ఎక్కువగా ఆడే పద్ధతిలో ఒక్కొక్కరికి రెండేసి ముక్కలు పంచుతారు. బల్ల మధ్య ఐదు ముక్కలు అందరికీ ఉమ్మడిగా పరుస్తారు. ముక్కలు బయటపడే కొద్దీ పందెం పెరుగుతుంది. చేతిలో ఏమీ లేకపోయినా ఉన్నట్లు నటించి ఎదుటివాణ్ణి బెదరగొట్టడం ఇందులో పెద్ద విద్య. లెక్క తెలిసినవాడు, ఎదుటివాడి ముఖం చదవగలిగినవాడు ఇతరులకన్నా మెరుగ్గా ఆడతాడన్నది నిజమే. అయితే అతను గెలిచిన సొమ్ము ఎక్కడిది? కేసినో ఇచ్చింది కాదు. పక్క కుర్చీలో కూర్చున్నవాడి జేబులోది.

మరి కేసినోకు లాభమేమిటి? చాలా చోట్ల ప్రతి ఆటలో పోగైన పందెం సొమ్ములోంచి అది తన వాటా తీసేసుకుంటుంది. కొన్నిచోట్ల గంటల లెక్కన రుసుము వసూలు చేస్తుంది. తొమ్మిది మంది తలా 200 డాలర్లతో కూర్చున్నారనుకోండి. మొత్తం 1,800 డాలర్లు. గంటకు 30 ఆటలు సాగి, ఆటకు 4 డాలర్ల చొప్పున కేసినో తీసుకుంటే గంటకు 120 డాలర్లు. పది గంటలు గడిచేసరికి 1,200 డాలర్లు దాని పెట్టెలో పడతాయి. తొమ్మిది మందికీ కలిపి మిగిలేది 600. ఆ 600 కోసమే ఒకరినొకరు ఓడించుకోవాలి! బల్ల దగ్గర ఎవరు ఓడినా, ఎవరు గెలిచినా ఆ ఇంటి యజమానికి మాత్రం నష్టం లేదు.

ఇక విజేతల సంగతి. లాస్‌వేగాస్‌లో 1970 నుంచి పోకర్ ప్రపంచ పోటీలు జరుగుతున్నాయి. 2023లో ప్రధాన పోటీకి 10,043 ప్రవేశాలు నమోదయ్యాయి. ప్రవేశ రుసుము 10 వేల డాలర్లు. అందులో తలకు 700 డాలర్లు ముందే మినహాయించుకుని, మిగిలినదాన్ని బహుమతులకు కేటాయించారు. మొదటి బహుమతి కోటీ 21 లక్షల డాలర్లు. పత్రికల్లో ఆ ఒక్కడి ఫొటో వచ్చింది. బహుమతులు దక్కింది సుమారు 1,500 మందికే. రుసుము పోగొట్టుకుని వెళ్లిన ఎనిమిది వేల పైచిలుకు మంది ఫొటోలు ఎవరు వేస్తారు?

గెలిచినవాడి బతుకైనా బాగుపడుతుందా అంటే అదీ చెప్పలేం. 1980, 1981, 1997 సంవత్సరాల్లో మూడుసార్లు ఈ పోటీ గెలిచిన స్టూ ఉంగర్‌ను పేకాటలో మహా మేధావి అనేవారు. 1997లో అతనికి దక్కిన మొదటి బహుమతి 10 లక్షల డాలర్లు. మరుసటి సంవత్సరం నవంబరులో లాస్‌వేగాస్‌లోనే ఒక మామూలు లాడ్జి గదిలో శవమై కనిపించాడు. వయసు 45. మత్తుమందు అతణ్ణి తినేసింది. పేక ముక్కలను లెక్కగట్టిన ఆ తెలివి అతణ్ణి కాపాడలేకపోయింది.

ఇంతకన్నా ఆలోచించదగ్గ విషయం మరొకటుంది. జూదశాలలతో పేరు మోసిన దేశాలే వాటి తలుపులు తమవాళ్లకు మూసేస్తున్నాయి. మాంటెకార్లో కేసినోతో ప్రపంచ ప్రసిద్ధి పొందిన మొనాకో తన పౌరులను అక్కడ ఆడనివ్వదు. దక్షిణ కొరియాలో ఒకే ఒక్క కేసినో తప్ప మిగిలినవన్నీ విదేశీయులకే. సింగపూర్ 2010లో రెండు కేసినోలు తెరిచింది. అయితే స్వదేశీయులు లోపల అడుగుపెట్టాలంటే రోజుకు 150 సింగపూర్ డాలర్లు చెల్లించాలి. ఇంట్లోవాళ్లు దరఖాస్తు చేసుకుంటే జూదం బారినపడ్డ మనిషిని లోపలికి రాకుండా నిషేధించే ఏర్పాటు కూడా ఉంది. మలేసియాలోని గెంటింగ్ కొండమీది కేసినోలోకి ముస్లిములకు ప్రవేశం లేదు. నేపాల్ కేసినోలలోకి నేపాలీలు వెళ్లకూడదు. కానీ మన తెలుగువాళ్లు వెళ్లారు! వాళ్లను అక్కడికి తీసుకెళ్లిన వ్యవహారంపైనే 2022లో హైదరాబాద్‌లో ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ సోదాలు జరిపింది.

తన బిడ్డలకు పెట్టని తిండిని పొరుగువాడి బిడ్డలకు వడ్డించేవాణ్ణి ఏమంటాం? అల్లాహ్ ఆజ్ఞలో ఈ పక్షపాతం లేదు. దివ్య ఖుర్ఆన్ బఖరా సూరా 219వ ఆయతు మద్యంలో, జూదంలో మనుషులకు కొంత లాభమున్నదన్న మాటను దాచలేదు. అయితే లాభంకన్నా పాపమే పెద్దదని తేల్చింది. తర్వాత మాయిదా సూరా 90, 91 ఆయతులు వాటిని షైతాన్ పనులుగా ప్రకటించి పూర్తిగా నిషేధించాయి. అవి మనుషుల మధ్య పగను, ద్వేషాన్ని రేపుతాయనీ, దైవస్మరణకు, నమాజుకు దూరం చేస్తాయనీ కారణం కూడా వివరించాయి. ఫజ్ర్ అజాన్ వేళకు పందెం సొమ్ము ముందు కూర్చున్నవాణ్ణి తలచుకోండి, ఆ మాట అర్థమవుతుంది.

అజ్ఞానకాలపు అరబ్బులు ఒంటెను కోసి, బాణాలతో చీట్లు తీసినట్లు తీసి మాంసం పంచుకునేవారు. ఓడినవాడు ఒంటె ఖరీదు భరించేవాడు. గెలిచిన మాంసాన్ని పేదలకిచ్చి గొప్పలు చెప్పుకునేవారు. పేదవాడి కడుపు నింపిన ఆ జూదాన్నే ఇస్లాం మినహాయించలేదు. కేసినో పెట్టె నింపే జూదాన్ని మినహాయిస్తుందా?

'ఇది నైపుణ్యం కదా' అన్న ప్రశ్నకూ జవాబుంది. విలువిద్యలో, గుర్రపు పందేల్లో బహుమతిని దైవప్రవక్త (స) అనుమతించారు. మూడోవాడు బహుమతి ఇస్తే అది ప్రోత్సాహం. ఆడేవాళ్లే తలా ఇంత సొమ్ము ఒడ్డి, ఒకడి నష్టమే మరొకడి లాభమైతే అది జూదమని అత్యధిక పండితుల అభిప్రాయం. తెలివిగా కాజేసినంత మాత్రాన పరాయి సొమ్ము హలాల్ కాదు. జూదమాడదాం రమ్మని నోటితో పిలిచినవాడు సైతం పరిహారంగా దానం చేయాలని దైవప్రవక్త (స) ఆదేశించారు. పిలుపే అంత తప్పయితే ఆట సంగతి చెప్పాలా?

ఈ మాట ఇప్పుడు ఎందుకంటే, మన పిల్లలు వేల సంఖ్యలో బతుకుతెరువుకు వెళ్లే గల్ఫ్‌లోనూ ఆ తలుపులు తెరుచుకోబోతున్నాయి. యూఏఈలో మొదటి కేసినో లైసెన్సు 2024లో ఇచ్చారు. రస్ అల్ ఖైమాలో 2027లో తెరుస్తామని ఆ సంస్థ ప్రకటించింది. ఇంటి అప్పు తీర్చాలని, చెల్లెలి పెళ్లి చేయాలని వెళ్లినవాడు గది ఒంటరితనంలో ఏ తలుపు తడతాడో మనం ఆలోచించాలి.

పిల్లలు ఫోన్ చేసినప్పుడు డబ్బు ఎప్పుడు పంపుతావనే అడగకండి. ఎలా ఉన్నావు, సెలవురోజు ఎవరితో గడుపుతున్నావు అని కూడా అడగండి. ఎవరైనా ఇప్పటికే ఊబిలో దిగితే నలుగురిలో పరువు తీయకండి. పోయింది ఆటలోనే రాబట్టుకోవాలన్న ఆశే మరింత ముంచుతుంది. పోయింది పోయిందనుకుని ఆగడమే మొదటి లాభం. ఆ ఆట కోసం చేతికి డబ్బు ఇవ్వకండి, అప్పుల లెక్క మాత్రం ఇంటిల్లిపాదీ కూర్చుని చూడండి. గెలిచిన సొమ్ము దగ్గరుంటే, ఓడినవాడు తెలిస్తే అతనికి తిరిగివ్వాలి. తెలియకపోతే పుణ్యం ఆశించకుండా పేదలకు ఇచ్చి వదిలించుకోవాలని పండితులు చెబుతారు. తౌబా తలుపు మాత్రం ఎవరికీ మూసి లేదు. దానికి ప్రవేశ రుసుమూ లేదు.

అల్లాహ్ మన కుటుంబాలకు హలాల్ జీవనోపాధిలో బర్కత్ ప్రసాదించుగాక! ఆమీన్.