సముద్రం లేని ఊరు, సముద్రం మీద లెక్క

ప్రగతినగర్: హైటెక్ సిటీ అద్దాల మేడలకు ఉత్తరాన ఉన్న ఈ కాలనీలో అలల చప్పుడు వినిపించదు. సముద్రం రెండు వందల కిలోమీటర్ల పైమాటే. అయినా కాకినాడ, విశాఖ మత్స్యకారులకు చేపల జాడ వెళ్లేది ఇక్కడి నుంచే. 1999లో ఏర్పడిన భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం (ఇన్‌కాయిస్) సముద్రపు నీటి వేడిమి, నీటిలోని పచ్చదనం ఉపగ్రహాల ద్వారా గమనించి, చేపలు చేరే తావును అక్షాంశ రేఖాంశాలతో తెలుగులోనే తెలుపుతోంది.

తావు తెలిస్తే చాలదు. తన బోటు ఎక్కడుందో సరంగుకు తెలియాలి. జి.పి.ఎస్. పరికరం చూపేది చుక్కే అయినా, నిజానికి అది ఒక వలయం. కొలత తెలిసిన రాయిపై పరికరాన్ని పెట్టి రోజంతా అంకెలు రాసుకుంటే, అవి చల్లిన విత్తనాల్లా రాయి చుట్టూ పడతాయి. నూటికి 95 అంకెలు ఇమిడేలా గీసిన వలయమే ఆ పరికరం ఖచ్చితత్వం. అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 2011లో పెట్టిన ప్రమాణం ప్రకారం ఈ వలయం వ్యాసార్ధం రేవు ముఖద్వారంలో 10 మీటర్లు, నడిసముద్రంలో 100 మీటర్లు మించరాదు.

ఇక్కడే ఒక మెలిక ఉంది. కొందరు నూటికి 50 అంకెలు ఇమిడే వలయాన్నే లెక్కగా చెబుతారు. ఆ లెక్కన 5 మీటర్ల పరికరం, 95 లెక్కన 10 మీటర్లు దాటుతుంది. కొనేవారు ఏ లెక్కో అడిగి తీరాలి. ఏ లెక్కలోనైనా కొన్ని అంకెలు వలయం బయటే పడతాయి.

పరికరం ఆగిపోతే వలయం గంటగంటకూ పెరుగుతుంది. గంటకు ఒక నాటికల్ మైలు వేగంతో లాగే నీటివాలును గమనించకుండా ఆరు గంటలు నిద్రపోతే, బోటు 11 కిలోమీటర్లు పక్కకు పోతుంది.

గీత కనిపించని చోట ఈ తేడా ఖరీదు పెద్దది. గుజరాత్ తీరం నుంచి వేటకు వెళ్లిన ఉత్తరాంధ్ర మత్స్యకారులను, తమ జలాల్లోకి వచ్చారంటూ 2018 నవంబరులో పాకిస్తాన్ అధికారులు పట్టుకున్నారు. వారిలో 20 మంది వాఘా వద్ద స్వదేశంలో అడుగుపెట్టింది 2020 జనవరి 6న. అన్నాళ్లూ వారి ఇళ్లలో ఎదురుచూపులే.

సరిహద్దు దగ్గర సరంగు చూడవలసింది తెరమీది చుక్కను కాదు. దాని చుట్టూ ఉన్న, కంటికి కనిపించని వలయాన్ని. ఆ వలయం అంచు కూడా గీతకు ఇవతలే ఉండాలి.