మేడే: రోమ్ నుంచి నారాయణఖేడ్ దాకా

ఎనిమిది గంటల పనిదినం కోసం 1886 మే నెలలో చికాగో కార్మికులు చేసిన సమ్మె మేడేకు మూలం. 1889లో పారిస్‌లో సమావేశమైన సోషలిస్టు ప్రతినిధులు చేసిన తీర్మానంతో 1890 నుంచి మే 1న యూరప్ దేశాల్లో ప్రదర్శనలు మొదలయ్యాయి. వాటిలో ఇటలీ ఒకటి.

ఈ చరిత్రలో 1923వ సంవత్సరాన్ని విద్యార్థులు ప్రత్యేకంగా గమనించాలి. ఆ ఏడాది మే 1న సింగారవేలు చెట్టియార్ మద్రాసులో ఎర్రజెండా ఎగురవేసి, భారతదేశంలో తొలి మేడే జరిపాడు. అదే ఏడాది ఇటలీలో ముస్సోలినీ ప్రభుత్వం మేడేను రద్దు చేసి, దాని బదులు రోమ్ నగరం పుట్టినరోజుగా చెప్పుకునే ఏప్రిల్ 21ని కార్మికుల సెలవుగా ప్రకటించింది. సెలవు దొరికింది గానీ అందులోని పోరాటం మాయమైంది. ఫాసిస్టు పాలన కూలిన తరువాత, 1945లో మే 1 తిరిగి వచ్చింది.

రెండేళ్ళకే ఆ పండుగలో రక్తం చిందింది. 1947 మే 1న సిసిలీ దీవిలో, పోర్టెల్లా డెల్లా జినెస్ట్రా అనే కొండ మైదానంలో గుమిగూడిన రైతు కూలీల కుటుంబాలపై సాల్వతోరె జూలియానో అనే బందిపోటు ముఠా కాల్పులు జరిపింది. 11 మంది చనిపోయారు. భూసంస్కరణ కోరుతున్న పేదల సభ అది. దాడి వెనుక ఎవరున్నారన్న వాదం ఆ దేశంలో ఇప్పటికీ తెగలేదు.

నేడు ఇటలీలో మే 1 జాతీయ సెలవు దినం. సి.జి.ఐ.ఎల్., సి.ఐ.ఎస్.ఎల్., యు.ఐ.ఎల్. అనే మూడు పెద్ద కార్మిక సమాఖ్యలు ఊరేగింపులు, సభలు నిర్వహిస్తాయి. 1990 నుంచి రోమ్‌లో ఇవే సమాఖ్యలు పెద్ద సంగీత కచేరీ ఏర్పాటు చేస్తున్నాయి. దానికి టికెట్టు ఉండదు. రోమ్ కుటుంబాలు ఊరి బయట వనభోజనాలకు వెళ్ళి, అప్పుడే కోసిన పచ్చి చిక్కుడు జాతి గింజలను గొర్రెపాల చీజ్‌తో తింటాయి. మన కార్తీక వనభోజనాలు తెలిసినవారికి ఇది వింతగా అనిపించదు.

మన దగ్గర మేడే అంటే యూనియన్ ఆఫీసు ముందు జెండా ఆవిష్కరణ, ర్యాలీ, సభ. హైదరాబాద్ రాజ్యంలో కార్మికులను సంఘటితం చేసినవారిలో కవి మఖ్దూం మొహియుద్దీన్ ముఖ్యుడు. 1946లో ఏర్పడిన అఖిల హైదరాబాద్ ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్‌కు ఆయన నాయకత్వం వహించాడు. 1974 నాటి ఆంధ్రప్రదేశ్ సెలవుల చట్టం ఫ్యాక్టరీల్లో, సంస్థల్లో పనిచేసేవారికి మే 1ని వేతనంతో కూడిన సెలవు చేసింది. ఆ రోజు పని చేయిస్తే రెట్టింపు వేతనం గానీ, వేతనంతో పాటు మరో రోజు సెలవు గానీ ఇవ్వాలి.

ఇప్పుడు నారాయణఖేడ్ వైపు చూద్దాం. ఇక్కడి పల్లెల నుంచి, తండాల నుంచి ఎందరో ఏటా చెరకు నరకడానికి వలస పోతారు. కొందరు జహీరాబాద్ వైపు, కొందరు సరిహద్దు దాటి కర్ణాటక, మహారాష్ట్ర వైపు. పని చేసేది ఆలుమగలు జంటగా; కూలి టన్ను లెక్కన. మేస్త్రీ దగ్గర ముందే తీసుకున్న అడ్వాన్సు ఆ కూలిలోంచి తెగాలి. కాబట్టి ఒక రోజు కొడవలి పట్టకపోతే ఆ రోజు కూలి లేదు, అప్పు మాత్రం అలాగే ఉంటుంది. పేరు సాధారణంగా మేస్త్రీ పుస్తకంలో ఉంటుంది గానీ ఫ్యాక్టరీ మస్టర్ రోల్‌లో ఉండదు. మే 1 వచ్చేసరికి క్రషింగ్ సీజన్ దాదాపు ముగిసిపోతుంది. ఆ రోజు వారు ఇంటి దగ్గరే ఉంటారు, కానీ దాన్ని వేతనంతో కూడిన సెలవు అనలేం.