ప్లాస్టిక్ లోపలి వెలుగు

కంప్యూటరు గీసిన త్రిమితీయ చిత్రాల్లో చెక్కయినా, చర్మమయినా ప్లాస్టిక్‌లాగే కనిపిస్తుందన్న నింద ఆ కళకు తొలినాళ్ల నుంచీ ఉంది. వియత్నాంలో పుట్టి, అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసిన బుయ్ తువాంగ్ ఫాంగ్ 1975లో ప్రచురించిన కాంతి నమూనాలో ఆ నిందకు మూలం కనిపిస్తుంది. వస్తువు తన రంగును అన్ని దిక్కులకూ వెదజల్లడం, దానిపైన దీపం రంగులోనే ఒక మెరుపు చుక్క నిలవడం అనే రెండు ప్రధాన భాగాలతో ఆయన నమూనా ఏర్పడింది. రంగులేని పదార్థంలో రంగు రేణువులు కలిపి పోతపోసిన ప్లాస్టిక్ కూడా సరిగ్గా ఇలాగే, మెరుపును పైపొర నుంచీ, రంగును లోపలి నుంచీ ఇస్తుంది. 1995లో వచ్చిన తొలి పూర్తి నిడివి కంప్యూటర్ యానిమేషన్ చిత్రం ‘టాయ్ స్టోరీ’లో ప్రధాన పాత్రలు బొమ్మలు కావడం ఆనాటి సాంకేతికతకు చక్కగా అమరింది. అయినా అలా దొరికింది ప్లాస్టిక్ పైమెరుపు మాత్రమే. దీపానికి అడ్డంగా పట్టుకున్న పల్చని ప్లాస్టిక్ డబ్బా అంచుల్లో నిండే మెత్తటి వెలుగు ఆ సూత్రాలకు అందలేదు.

ఆ వెలుగు ఎలా పుడుతుందో పదార్థ నిర్మాణమే చెబుతుంది. గాలి నుంచి ప్లాస్టిక్ మీద నిటారుగా పడిన కాంతిలో నూటికి నాలుగు పాళ్లు మాత్రమే పైపొర నుంచి పరావర్తనం చెందుతుంది, అంటే తిరిగి వెనక్కి వస్తుంది. మిగిలినదంతా లోపలికి దిగుతుంది. పాలిథీన్ వంటి ప్లాస్టిక్‌లో అణువులు క్రమంగా పేర్చినట్లున్న స్ఫటిక భాగాలూ, చిక్కుపడిన అస్ఫటిక భాగాలూ పక్కపక్కనే ఉంటాయి కనుక, వాటి సరిహద్దుల దగ్గర కాంతి దారి తప్పుతుంది. తెలుపు కోసం కలిపే టైటానియం డయాక్సైడ్ రేణువుల వక్రీభవన గుణకం, అంటే కాంతిని వంచే శక్తిని సూచించే సంఖ్య, 2.6కు పైగా ఉండగా, చుట్టూ ఉన్న ప్లాస్టిక్‌ది సుమారు 1.5 మాత్రమే కావడం వల్ల ఆ రేణువుల దగ్గర కాంతి మరింత బలంగా చెదురుతుంది. ఇలా చెదరడాన్ని పరిక్షేపణం అంటారు. పరిక్షేపణం పదేపదే జరిగి, కొంత కాంతి రంగు రేణువులకు శోషణమైపోగా, మిగిలినది తాను దిగిన చోట కాక మరో చోట పైకి తేలుతుంది. నీడల అంచులు మెత్తబడడానికీ, పల్చని భాగాలు ప్రకాశించడానికీ ఈ స్థానభ్రంశమే కారణం.

దీని గణితం చాలావరకు ఖగోళ శాస్త్రంలో ముందే సిద్ధమై ఉంది. నక్షత్రాల మధ్య ధూళిలో కాంతి ఏ దిక్కుకు ఎంత చెదురుతుందో చెప్పే సూత్రాన్ని ఖగోళ శాస్త్రవేత్తలు హెన్యీ, గ్రీన్‌స్టీన్ 1941లోనే ఇచ్చారు. లాహోర్‌లో పుట్టిన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ 1950లో వెలువరించిన వికిరణ ప్రసార గ్రంథం ఈ రంగానికి నేటికీ పునాది. ఒక బిందువులో దిగిన కాంతి మరో బిందువు నుంచి ఎంత బయటపడుతుందో తెలిపే ప్రమేయాన్ని అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థకు చెందిన నికోడెమస్ బృందం 1977లో నిర్వచించింది. అయితే రెండు బిందువుల స్థానాలూ, రెండు దిక్కులూ కలిపి ఎనిమిది చరరాశులు అవసరమయ్యే ఆ ప్రమేయాన్ని నేరుగా లెక్కకట్టడం అప్పటి యంత్రాలకు సాధ్యమయ్యే పని కాదు.

2001లో పరిశోధకులు హెన్రిక్ వాన్ జెన్సెన్, స్టీఫెన్ మార్ష్‌నర్, మార్క్ లెవాయ్, పాట్ హాన్రహన్ ఈ చిక్కుకు ఆచరణీయమైన పరిష్కారం చూపారు. శరీర కణజాలంలో లేజర్ కాంతి వ్యాపనాన్ని కొలిచేందుకు వైద్య భౌతిక శాస్త్రవేత్తలు వాడుతున్న ద్విధ్రువ పద్ధతిని వారు స్వీకరించారు. కాంతి దిగిన చోటికి కొద్ది లోతున ఒక కల్పిత దీపాన్నీ, ఉపరితలానికి పైన కాంతిని తీసివేసే మరో రుణ దీపాన్నీ ఊహించుకుంటే, ఆ రెండింటి ప్రభావాలను కూడినంతనే చుట్టూ వ్యాపించే వెలుగు తెలిసిపోతుంది. లక్షల ఢీకొట్టుళ్ల లెక్కను రెండు దీపాల కూడికగా మార్చిన ఈ ఆలోచన కంప్యూటర్ చిత్రకళ చరిత్రలోని అందమైన ఘట్టాల్లో ఒకటి. వారు పాలరాయి, పాలు, చర్మం వంటి పదార్థాలను స్వయంగా కొలిచి చూడగా, వెన్న తీసిన పాలలో ఎరుపు కాంతి దిశ పూర్తిగా చెదిరేలోగా సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్లు వెళ్తే, నీలం అర మిల్లీమీటరే వెళ్తుందని తేలింది. జెన్సెన్, మార్ష్‌నర్, హాన్రహన్‌లకు 2004లో ఆస్కార్ సాంకేతిక పురస్కారం దక్కింది.

ఈ పద్ధతి చిత్రకారుల చేతికి వచ్చాక అన్నిటికంటే ముందు బయటపడిన చిక్కు కొలతలది. కాంతి లోపల ప్రయాణించే దూరం మిల్లీమీటర్లలో నిర్ణయమై ఉంటుంది కనుక, అరచేతిలో పట్టే బొమ్మను పొరపాటున గది అంత పెద్దదిగా నిర్మిస్తే అది సున్నపు ముద్దలా గట్టిబడిపోతుంది. మరీ చిన్నదిగా నిర్మిస్తే మైనంలా కరిగినట్లు కనిపిస్తుంది. వెలుగు చాలలేదని పదార్థానికే స్వయంప్రకాశం అంటగట్టే అలవాటు ఇంకా హానికరం, ఎందుకంటే అప్పుడు నీడలు చెరిగి ఆకారం చదునవుతుంది. పారభాసక ప్లాస్టిక్ తన వెలుగును తాను పుట్టించదు. లోపలికి వెళ్లిన దానికంటే ఎక్కువ ఎన్నడూ బయటికి ఇవ్వదు.

ద్విధ్రువ పద్ధతికి ఒక లోపం మిగిలింది. ఉపరితలం చదునుగా, అంతులేని మందంతో ఉందని అది ఊహిస్తుంది కాబట్టి, వెలుగు అత్యంత అందంగా కనిపించే పల్చని అంచుల దగ్గరే అది తప్పుతుంది. గత దశాబ్దంలో యంత్రాల వేగం పెరగడంతో, కాంతి కిరణాన్ని పదార్థంలోకి దించి అడుగడుగునా వెంబడించే యాదృచ్ఛిక నడక పద్ధతి చలనచిత్ర నిర్మాణంలో స్థిరపడింది. ఇందులో కంప్యూటరు సున్నాకూ ఒకటికీ మధ్య ఒక సంఖ్యను ఎంచుకుని, దాని సహజ సంవర్గమానపు గుర్తును మార్చి, రెండు పరిక్షేపణల మధ్య సగటు దూరంతో గుణిస్తుంది. ఆ సగటు ఒక మిల్లీమీటరు అయితే, 0.5 వచ్చినప్పుడు కిరణం సుమారు 0.7 మిల్లీమీటర్లు, 0.05 వచ్చినప్పుడు 3 మిల్లీమీటర్లు సాగి, అక్కడ కొత్త దిక్కుకు మళ్లుతుంది. ఉపరితలం ఎంత వంకరగా ఉన్నా, ఎంత పల్చగా ఉన్నా ఈ లెక్క చెల్లుతుంది.

తెల్లని ప్లాస్టిక్‌లో శోషణం అత్యల్పం కావడంతో కొన్ని కిరణాలు వందల మలుపులు తిరిగినా బయటపడవు. అందుకని వాటిలో కొన్నింటిని లాటరీ పద్ధతిలో మధ్యలోనే ఆపివేసి, మిగిలిన వాటి బలాన్ని అదే నిష్పత్తిలో పెంచుతారు. అప్పుడు చిత్రంలో కొంత గరుకుదనం చేరినా, మొత్తం వెలుగు సగటు మాత్రం మారదు.