గౌట్ మాత్ర, హకీమ్ గారి మాజూన్: రెండూ చూపించండి

కాలి బొటనవేలు ఎర్రగా వాచి, దుప్పటి తగిలినా ఓర్చుకోలేని నొప్పి గౌట్ వల్ల రావచ్చు. యునానీలో దీన్నే నిఖ్రిస్ అంటారు. రక్తంలో యూరిక్ యాసిడ్ పెరిగి, సూదుల్లాంటి స్ఫటికాలుగా కీళ్లలో చేరడమే దీనికి కారణం.

మన మందుల సహాయ నిధికి చీటీ తెచ్చినవారిని మేము ఒక మాట తప్పక అడుగుతాము: "హకీమ్ గారి మందు కూడా వాడుతున్నారా?" "అది మందు కాదండీ, మాజూనే కదా" అంటారు. చిక్కంతా ఇక్కడే. మాజూన్ సురంజాన్‌లో పడే సురంజాన్ దుంపలో సహజంగానే కోల్చిసిన్ ఉంటుంది. గౌట్ నొప్పికి డాక్టర్లు రాసే మాత్ర కూడా కోల్చిసినే! రెండూ వాడితే ఒకే మందు రెండింతలు పడినట్టు. మేలు చేసే మోతాదుకూ, విషమయ్యే మోతాదుకూ మధ్య దీనికి తేడా తక్కువ. వాంతులు, నీళ్ల విరేచనాలు మొదలైతే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. మూత్రపిండాలు బలహీనంగా ఉన్నవారికి ప్రమాదం ఇంకా ఎక్కువ. క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ తోడైతే కోల్చిసిన్ ఒంట్లో పేరుకుపోతుంది. అలా ప్రాణాలు పోయినవారూ ఉన్నారు.

అల్లోప్యూరినాల్ సంగతి వేరు. అది నొప్పి మాత్ర కాదు, యూరిక్ యాసిడ్ తయారీని తగ్గించేది. రోజూ వాడుతున్నవారు నొప్పి వచ్చిందని దాన్ని మానకూడదు. అయితే ఒంటిపై దద్దుర్లు, నోటిపూత కనిపిస్తే మాత్రం వెంటనే ఆపి డాక్టరు దగ్గరకు వెళ్లాలి. కిడ్నీ మార్పిడి తర్వాత వాడే అజాథియోప్రిన్‌తో ఇది కలిస్తే రక్తకణాలు ప్రమాదకరంగా పడిపోతాయి. రక్తం పలచబరిచే వార్ఫరిన్ వాడేవారూ ముందే చెప్పాలి. బీపీకి ఇచ్చే హైడ్రోక్లోరోథయజైడ్, గుండెకు ఇచ్చే చిన్న ఆస్పిరిన్ యూరిక్ యాసిడ్‌ను పెంచుతాయి. అలాగని సొంతంగా మానేయవద్దు, గుండెకు ముప్పు. బలానికని వేసుకునే విటమిన్ సి పెద్ద మోతాదైతే మూత్రపిండాల్లో రాళ్లు ఏర్పడవచ్చు.

రంజాన్‌లో అల్లోప్యూరినాల్‌ను ఇఫ్తార్ భోజనం తర్వాత వేసుకోవచ్చునా అని డాక్టరును ముందే అడగండి. ఇఫ్తార్ నుంచి సహరీ దాకా నీళ్లు బాగా తాగాలి.

దాతలకు ఒక మనవి. సవాబు కోసమని ఇంట్లో మిగిలిన గౌట్ మాత్రలు మాకు పంపకండి, బంధువులకూ పంచకండి. ఒకరి మోతాదు మరొకరికి సరిపోదు. ఆ ఉద్దేశంతో ఇచ్చే సొమ్మును మేము పేదల క్రియాటినిన్, యూరిక్ యాసిడ్ పరీక్షలకు ఖర్చు చేస్తాము.