తేలే గాలిమర నమూనా: రూపసామ్యం ఎందుకు చాలదు?

కీలకపదాలు: వాయుసొరంగం, రేనాల్డ్స్ సంఖ్య, ఫ్రౌడ్ సంఖ్య, తేలే గాలిమర, గండికోట

ప్రవేశిక

కడప జిల్లా గండికోట వద్ద పెన్నానది ఎర్రమల కొండలను చీల్చుకొని ప్రవహిస్తుంది. లోయ గోడలు గట్టి క్వార్ట్‌జైట్ శిలతో, పదునైన అంచులతో నిలిచి ఉంటాయి. ఈ లోయకు చిన్న నమూనా చేసి, అక్కడి గాలి తీరును పోలిన ప్రవాహంలో ఉంచామనుకుందాం. గాలి ఎక్కడ ఉపరితలాన్ని వీడిపోవాలో రాతి అంచే నిర్ణయిస్తుంది. కాబట్టి ఒక హద్దు వరకు పరిమాణాన్ని తగ్గించినా ప్రవాహ స్వరూపం పెద్దగా మారదు. సముద్రంపై తేలే గాలిమర రెక్కకు ఈ వెసులుబాటు లేదు. నునుపైన ఆ వంపుపై గాలి వీడిపోయే చోటు రేనాల్డ్స్ సంఖ్యను బట్టి మారుతుంది. ఈ భేదం నమూనా నిర్మాణాన్ని ఎలా శాసిస్తుందో ఈ వ్యాసం వివరిస్తుంది.

రెండు సంఖ్యల వైరుధ్యం

జడత్వ, స్నిగ్ధతా బలాల నిష్పత్తి రేనాల్డ్స్ సంఖ్య. జడత్వ, గురుత్వ బలాల నిష్పత్తిని సూచించేది ఫ్రౌడ్ సంఖ్య. అలలకూ తేలే వేదిక కదలికకూ రెండవది ముఖ్యం. రెక్కకు మొదటిది ముఖ్యం. నమూనాను 1/75కు కుదించి ఫ్రౌడ్ సామ్యం పాటిస్తే, సెకనుకు 11.4 మీటర్ల గాలిని సుమారు 1.3 మీటర్లకు తగ్గించాలి. అప్పుడు రేనాల్డ్స్ సంఖ్య దాదాపు 650వ వంతుకు పడిపోతుంది. దానిని యథాతథంగా నిలపాలంటే గాలి వేగాన్ని 75 రెట్లు పెంచాలి. అది ధ్వనివేగాన్ని మించుతుంది. ఒకే గాలిలో రెండు సామ్యాలూ పొసగవు.

మిలాన్ పరిష్కారం

డెన్మార్క్ సాంకేతిక విశ్వవిద్యాలయం రూపొందించిన 10 మెగావాట్ల ప్రామాణిక గాలిమరకు మిలాన్ పాలిటెక్నిక్‌లో 1/75 నమూనా నిర్మించారు. అసలు చక్రం వ్యాసం 178.3 మీటర్లు, నమూనాది సుమారు 2.38 మీటర్లు. సొరంగపు పరీక్షాస్థలం 13.84 మీటర్ల వెడల్పు, 3.84 మీటర్ల ఎత్తు కలది. అందులో చక్రం ఆక్రమించేది దాదాపు 8 శాతమే.

ఇక్కడ అలలు లేవు. వేదిక కదలికను కంప్యూటర్ లెక్కించగా, ఒక రోబో యంత్రం నమూనాను ఊపుతుంది. కనుక ఫ్రౌడ్ నిర్బంధం తొలగి, గాలి వేగాన్ని మూడవ వంతుగా ఎంచుకొనే వీలు కలిగింది. నిమిషానికి 9.6 భ్రమణాలు 240 అవుతాయి. రెక్క కొన వేగానికీ గాలి వేగానికీ మధ్య నిష్పత్తి మాత్రం మారదు. అయినా రేనాల్డ్స్ సంఖ్య 225వ వంతే. అందుకే అసలు రెక్క ఆకృతిని అనుకరించక, పలుచని వాయుఫలకంతో, మార్చిన వెడల్పుతో, మెలికతో కొత్త రెక్కను రూపొందించారు. అది చూపుకు అసలుదానిలా ఉండదు. కానీ చక్రాన్ని వెనక్కి నెట్టే థ్రస్ట్ బలం సరిపోలుతుంది. టార్క్ అంత కచ్చితంగా కుదరదు.

ముగింపు

వేదికను వంచేదీ, లంగరు గొలుసులను లాగేదీ ప్రధానంగా థ్రస్ట్ బలమే. అందువల్ల ఆ ఎంపిక సమంజసం. అయితే అదే నమూనా నుండి విద్యుదుత్పత్తిని నేరుగా అంచనా వేయడం తగదు. గుజరాత్, తమిళనాడు తీరాలలో 1,000 మెగావాట్ల సముద్ర పవన విద్యుత్తుకు కేంద్ర మంత్రివర్గం 2024 జూన్‌లో ఆర్థిక సహాయ పథకాన్ని ఆమోదించింది. ఈ రంగంలోకి వచ్చే పరిశోధకులు ఏ ఫలితాన్నైనా స్వీకరించే ముందు, ఆ నమూనాలో ఏ రాశిని నిలిపారో, దేనిని వదులుకున్నారో పరిశీలించాలి. లోయకు రూపం చాలు. రెక్కకు బలం కావాలి.